పాత లాప్‌టాప్‌లో హెచ్‌డీ సినిమా ఆడుతుందా: అంబాజీపేట నుంచి వచ్చిన ఒక కేసు

అమలాపురంలో లాప్‌టాప్‌లు రిపేరు చేస్తాను. పాత మెషీన్ పట్టుకొచ్చే వాళ్ళలో చాలామంది అడిగేది ఒకటే. "ఇందులో హెచ్‌డీ సినిమా ఆడుద్దాండి, కొత్తది కొనాల్సిందేనా?" మెషీన్ వయసు చూసి జవాబు చెప్పేసేవాళ్ళు ఎక్కువ. ర్యామ్ ఎంతుందో చూసి చెప్పేవాళ్ళు ఇంకా ఎక్కువ. నేను మాత్రం ఏం చూస్తారో ఆ ఫైలు ముందు చూపించమంటాను. అలా ఎందుకంటానో ఈ కేసు మొత్తం చెబితే తెలుస్తుంది. ఇలాంటి మెషీన్ ఇంట్లో ఉన్నవాళ్ళకీ, నాలాగా రిపేర్లు చేసేవాళ్ళకీ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

తెచ్చినావిడకి అరవై దాటాయి. అంబాజీపేట పక్క ఊరు, కొబ్బరి వ్యాపారం. లాప్‌టాప్ వాళ్ళబ్బాయి బీటెక్‌లో ఉండగా 2013లో కొన్నది. అతను ఉద్యోగానికి వెళ్తూ కొత్తది కొనుక్కుని దీన్ని ఇంట్లో వదిలేశాడు. ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయ్యాక మధ్యాహ్నాలు మంచం మీదే గడుస్తున్నాయి. హాల్లో టీవీ వార్తల కోసం భర్త చేతిలో ఉంటుంది. వెనక గదిలో ఈ లాప్‌టాప్ పెట్టుకుని పాత సినిమాలు చూసుకోవడం ఆవిడ కోరిక.

ఏమవుతోందని అడిగితే ఆవిడ చెప్పిన మాటలు ఇవి: "మొదట బాగానే వస్తంది బాబూ. కాసేపటికి మాట ముందెళ్ళిపోద్ది, బొమ్మ ఎనకాల పడద్ది. పాటొచ్చిందంటే మరీను."

కంప్యూటర్ చదువు లేనివాళ్ళు ఇంతకంటే కచ్చితంగా చెప్పలేరు. ఆ మూడు వాక్యాల్లోనే సగం రోగం బయటపడింది. మాట, బొమ్మ రెండూ కలిసి ఆగిపోతే అనుమానం ఇంటర్నెట్ మీదికో హార్డ్ డిస్క్ మీదికో పోవాలి, అంటే డేటా అందడం లేదన్నమాట. మాట సాఫీగా నడుస్తూ బొమ్మ ఒక్కటే వెనకబడుతోందంటే డేటా అందుతోంది, కుదించి దాచిన ఆ డేటాని మళ్ళీ బొమ్మగా విప్పడమే చేతకావడం లేదు. ఆడియో విప్పడానికి ప్రాసెసర్‌కి పెద్ద పని ఉండదు. అందుకే ప్లేయర్లు ఆడియోని గడియారంగా పెట్టుకుని, ఆలస్యమైన ఫ్రేములని, అంటే విడి బొమ్మలని, పారేస్తూ పోతాయి. పాటలో ఎక్కువవుతోందంటే, డ్యాన్సుల్లో తెరంతా కదులుతుంది కాబట్టి ఒక్కో ఫ్రేముకీ పని పెరుగుతుంది. ఇక మొదట బాగుండి తర్వాత పాడవడం అనేది దాదాపు ఎప్పుడూ వేడి వల్లే.

ఆవిడ నా దగ్గరికి రావడానికి ముందు ఇంకోచోట చూపించారు. 8 జీబీ ర్యామ్ వేయాలి, హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) వేయాలి, అయినా గ్యారంటీ లేదు అన్నారట. ఆ రెండూ ఎంతవుతాయో కనుక్కుందామని వచ్చారు. లెక్క చూసి చెబుతాను, ఇప్పుడే డబ్బులు పెట్టకండి పిన్నిగారూ అన్నాను.

ర్యామ్, ఎస్‌ఎస్‌డీ లెక్క

మెషీన్‌లో ఉన్నది ఇంటెల్ మూడో తరం కోర్ ఐ3, 3110ఎం. రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు, 2.4 గిగాహెర్ట్‌జ్. ఐ5లకి ఉండే టర్బో, అంటే అవసరమైనప్పుడు వేగం పెంచుకునే సదుపాయం, దీనికి లేదు. గ్రాఫిక్స్, అంటే తెర మీద బొమ్మ గీసే భాగం, ప్రాసెసర్ లోపలే ఉన్న హెచ్‌డీ 4000. ర్యామ్ 4 జీబీ, ఒకే స్టిక్. 500 జీబీ హార్డ్ డిస్క్, అది తిరిగే రకం. తెర 1366×768.

రెండు గంటల సినిమా 4 జీబీ ఫైలు అనుకుందాం. రెండు గంటలంటే 7,200 సెకన్లు. భాగిస్తే సెకనుకి ఒక మెగాబైట్‌లో సగం కంటే కాస్త ఎక్కువ. తిరిగే హార్డ్ డిస్క్ ఎంత పాతదైనా ఆరోగ్యంగా ఉంటే సెకనుకి పదుల మెగాబైట్లు చదువుతుంది. యూఎస్‌బీ 2.0 పెన్ డ్రైవ్ కూడా ఆ పని హాయిగా చేస్తుంది. ఎస్‌ఎస్‌డీ వేస్తే విండోస్ తొందరగా తెరుచుకుంటుంది, ఫోల్డర్లు చకచకా వస్తాయి. అది మంచిదే. సినిమా తడబాటు మాత్రం దాంతో పోదు.

ర్యామ్ సంగతీ అంతే. ప్లేయర్ ఫైలు మొత్తాన్ని ర్యామ్‌లో పెట్టుకోదు, ముందున్న కాసిని సెకన్ల డేటా, కొన్ని విప్పిన ఫ్రేములు మాత్రం ఉంచుకుంటుంది. క్రోమ్‌లో పదేసి ట్యాబులు తెరిచే అలవాటున్న ఇంట్లో 4 జీబీ ఇరుకే. ఈవిడ తెరిచేది ఒక్క ట్యాబు. రెండో స్టిక్ వేస్తే హెచ్‌డీ 4000కి గేముల్లో తేడా తెలుస్తుంది, సినిమాలో తెలియదు.

అసలు బరువంతా విప్పడంలో ఉంది. 1080పీ అంటే 1920×1080, ఫ్రేముకి 20 లక్షల 73 వేల చుక్కలు. సెకనుకి 24 ఫ్రేములు. మామూలు 8 బిట్ వీడియోలో విప్పాక అది సెకనుకి సుమారు 75 మెగాబైట్లు. అంటే అర మెగాబైట్‌లోంచి 75 మెగాబైట్లని పుట్టించాలి, ఒక్కో ఫ్రేమునీ 42 మిల్లీసెకన్లలోపు అందించాలి. ఈ పని రెండు చోట్ల జరగొచ్చు. ప్రాసెసర్ తన కోర్ల మీద చేసుకోవచ్చు, లేదా గ్రాఫిక్స్ భాగంలో ఆ పనికోసమే చెక్కిపెట్టిన డీకోడర్ సర్క్యూట్ చేయొచ్చు. అంబాజీపేటలో వలుపు చేసే మనిషి గునపం మీద రెండు మూడు పోట్లతో కాయ పీచు ఊడదీసేస్తాడు. ఎంత కండబలం ఉన్నవాడైనా గునపం లేకుండా అదే కాయ పట్టుకుంటే చెమటలు కక్కాల్సిందే. అయితే ఆ గునపం కొబ్బరికాయకే పనికొస్తుంది. డీకోడర్ సర్క్యూట్ కూడా తనకి తెలిసిన కోడెక్‌నే, అంటే వీడియోని కుదించి దాచే పద్ధతినే, విప్పుతుంది, తెలియనిది వస్తే ముట్టుకోదు, పని మళ్ళీ ప్రాసెసర్ నెత్తినే పడుతుంది.

అందుకే నేను ఫైలు అడిగేది. పాత లాప్‌టాప్‌లో హెచ్‌డీ ఆడుతుందా అంటే, ఆ హెచ్‌డీ ఏ కోడెక్‌లో ఉంది, ఆ చిప్‌లో దాని డీకోడర్ ఉందా, దాన్ని వాడుకునే డ్రైవర్ (విండోస్‌కీ చిప్‌కీ మధ్య మాట నడిపే సాఫ్ట్‌వేర్) పడిందా అనే మూడూ చూడాలి. నాలుగోది వేడి.

ఆవిడ చూసేవి మూడు రకాలు

పెన్ డ్రైవ్‌లో వాళ్ళబ్బాయి ఎక్కించి ఇచ్చిన 1080పీ సినిమాలు. యూట్యూబ్‌లో నిర్మాతలు, క్యాసెట్ కంపెనీల వాళ్ళు పెట్టిన పాత సినిమాలు. మూడోది ఆవిడకి అన్నిటికంటే ముఖ్యమైనది, మేనకోడలి పెళ్ళి వీడియో. మూడూ తడబడుతున్నాయి. ఆవిడ దృష్టిలో అది ఒకే జబ్బు. నాకు మాత్రం మూడిటికీ మూడు వేరు కారణాలు దొరికాయి, వాటికి తోడు అన్నిటినీ పాడుచేస్తున్న వేడి ఒకటి.

వీఎల్‌సీ ప్లేయర్‌లో సినిమా ఆడుతుండగా కంట్రోల్, జె కలిపి నొక్కితే కోడెక్ వివరాలు వస్తాయి. పక్కనే స్టాటిస్టిక్స్ ట్యాబులో పోయిన ఫ్రేముల లెక్క ఉంటుంది. పెన్ డ్రైవ్‌లో సినిమాలు హెచ్.264 అని చూపించింది. 2003లో వచ్చిన ప్రమాణం అది. హెచ్‌డీ 4000లో దానికి పూర్తి డీకోడర్ ఉంది. మరెందుకు తడబడుతోంది? పోయిన ఫ్రేముల అంకె పాట మొదలవగానే గిర్రున పెరుగుతోంది, ప్రాసెసర్ వాడకం నూటికి నూరు తాకుతోంది. ఉన్న డీకోడర్‌ని ఎవరూ వాడుకోవడం లేదన్నమాట.

డివైస్ మేనేజర్ తెరిచాను. డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఇంటెల్ పేరు ఉండాల్సిన చోట "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంది. కొన్నాళ్ళ క్రితం ఎవరో ఫార్మాట్ కొట్టి విండోస్ 10 వేశారు. ఇంటర్నెట్ లేకుండా వేసి, తెర వెలిగింది కదా అని ఇచ్చేశారు. ఆ బేసిక్ డ్రైవర్ తెర మీద బొమ్మ చూపించడం వరకే చేస్తుంది. డీకోడర్‌ని లేపదు, బొమ్మని తెర సైజుకి కుదించే పని కూడా గ్రాఫిక్స్‌కి అప్పజెప్పదు. విప్పడం, కుదించడం, గీయడం అన్నీ పాపం ఆ ఐ3 ఒక్కటే చేసుకుంటోంది.

ఇంటెల్ హెచ్‌డీ 4000 డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేశాక అదే సినిమా, అదే పాట ఆడించాను. ప్రాసెసర్ వాడకం పదిహేను శాతం లోపుకి దిగింది. పోయిన ఫ్రేముల అంకె కదల్లేదు. పైసా సామాను మార్చలేదు.

నాలాంటి పని చేసేవాళ్ళకి ఒక మాట. విండోస్ 10 టాస్క్ మేనేజర్‌లో జీపీయూ గ్రాఫ్ చూసి డీకోడర్ పనిచేస్తోందో లేదో చెప్పడం కొత్త మెషీన్లలో తేలిక. ఈ మూడో తరం వాటిలో ఆ గ్రాఫ్ అసలు రాదు. దానికి కావలసిన కొత్త రకం డిస్‌ప్లే డ్రైవర్ ఈ చిప్‌కి ఇంటెల్ ఇవ్వలేదు. గ్రాఫ్ లేదు కాబట్టి గ్రాఫిక్స్ పాడైందని కస్టమర్‌కి చెప్పకండి. ప్రాసెసర్ వాడకం ఎంత తగ్గిందో చూడండి, అదే సాక్ష్యం. వీఎల్‌సీ సెట్టింగులలో ఇన్‌పుట్, కోడెక్స్ కింద హార్డ్‌వేర్ డీకోడింగ్ అనే వరుస ఉంటుంది. అది ఆటోమేటిక్‌లో సరిగ్గా పట్టకపోతే డీఎక్స్‌వీఏ 2 ఎంచుకుని చూడండి. పాత ఇంటెల్ మెషీన్లలో నాకు అదే నిలకడగా పనిచేసింది.

వేడి

డ్రైవర్ వేశాక ఇచ్చేసి ఉంటే ఆవిడ మళ్ళీ వచ్చేవారు. "మొదట బాగానే వస్తంది" అన్న మాట నా మనసులో ఉంది. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే, ఉష్ణోగ్రతలు చూపించే ప్రోగ్రామ్ పెట్టి ప్రాసెసర్‌కి పూర్తి లోడ్ ఇచ్చి చూశాను. ఉష్ణోగ్రత కాసేపట్లోనే ఈ చిప్ తట్టుకోగల హద్దు దగ్గరికి పోయింది. ఆ హద్దు దగ్గర చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. 2.4 గిగాహెర్ట్‌జ్ మెషీన్ 1.2కి పడిపోయి కూర్చుంది. అంటే సగం.

మెషీన్ విప్పితే ఫ్యాన్‌కీ, వేడిని బయటికి పంపే హీట్ సింక్ రేకులకీ మధ్య ఒక పొర దొరికింది. వేలి మందంలో సగం ఉంటుంది. పట్టకారుతో పట్టుకుని లాగితే ముక్కలవకుండా మొత్తం ఒక్క అట్టలా వచ్చింది. గోధుమ రంగు, చేత్తో నలిపితే కొబ్బరి పీచు నార, దాని మధ్య మెత్తటి పొట్టు, కొంచెం తల వెంట్రుకలు. ఇంటి ముందు కాయ వలిచే కళ్ళం ఉన్నవాళ్ళ మెషీన్లన్నిటిలో ఇదే దొరుకుతుంది. పొడి ప్రాంతాల్లో దుమ్ము బ్లోయర్‌తో ఊదితే ఎగిరిపోతుంది. మన డెల్టాలో గాలికి చెమ్మ ఎక్కువ, దుమ్ము పొడిగా ఉండదు, నార తోడైతే ముద్ద కట్టి రేకులకి అతుక్కుపోతుంది. బయటి జాలీలోంచి బ్లోయర్ పెట్టి ఊదడం వల్ల ఆ అట్ట వెనక్కి జరిగి ఫ్యాన్ రెక్కలకి తగులుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. విప్పి తీయాల్సిందే. ఊదేటప్పుడు ఫ్యాన్‌ని వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే గిర్రున తిరిగి బేరింగు పోతుంది.

థర్మల్ పేస్ట్, అంటే చిప్ వేడిని హీట్ సింక్‌కి చేరవేసే పూత, ఎండి గుండలా రాలింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది రాశాను. ఫ్యాన్ బానే ఉంది, మార్చలేదు. బిగించాక అదే లోడ్ మీద ఎనభై డిగ్రీలు దాటలేదు. డీకోడర్‌తో సినిమా ఆడించినప్పుడు అరవై అటూ ఇటూ.

ఇంకో కారణం ఆవిడ మంచం. పరుపు మీద పెట్టుకుంటే కింద గాలి పీల్చే జాలీ పూర్తిగా మూసుకుపోతుంది. వంటింట్లో వాడని చెక్క పీట ఒకటి తీసి దానిమీద పెట్టుకోమన్నాను. కూలింగ్ ప్యాడ్ కొనమని అడిగినా కొనేవారే, కానీ అవసరం లేని వస్తువు అంటగట్టడం నాకు ఇష్టం లేదు.

బ్యాటరీ చచ్చిపోయి ఉంది, ఉబ్బలేదు. ఉబ్బితే వెంటనే తీసేయించేవాడిని. చచ్చిన బ్యాటరీ తీసేసి అడాప్టర్ మీదే నడిపితే కొన్ని మోడళ్ళు ప్రాసెసర్ వేగం తగ్గించేస్తాయి. ఇది అలా చేయడం లేదని రెండు రకాలుగానూ చూసి నిర్ధారించుకున్నాను.

యూట్యూబ్ వేరే కథ

పెన్ డ్రైవ్ సినిమాలు వెన్నలా నడుస్తున్నాయి. యూట్యూబ్ పెడితే మళ్ళీ తడబాటు. అంతకు ముందంత కాదు, అయినా ఉంది. వీడియో మీద కుడి బటన్ నొక్కి "స్టాట్స్ ఫర్ నెర్డ్స్" తెరిస్తే కోడెక్ వరుసలో వీపీ9 అని ఉంది. గూగుల్ 2013లో తెచ్చిన కోడెక్ అది. 2012 నాటి చిప్‌లో దానికి డీకోడర్ ఉండే వీలే లేదు. ఇంటెల్ చిప్‌లలో వీపీ9కి పూర్తి డీకోడర్ వచ్చింది ఏడో తరంలో. యూట్యూబ్ ఇప్పుడు చాలా వీడియోలకి 2018లో వచ్చిన ఏవీ1 కూడా పంపుతోంది. దానికైతే ఇంటెల్‌లో పదకొండో తరం దాకా ఆగాలి.

అదృష్టం ఏమిటంటే యూట్యూబ్ 1080పీ వరకు హెచ్.264 కాపీ కూడా ఉంచుతుంది. అడిగితే ఇస్తుంది. అడగడానికి "హెచ్264ఇఫై" అనే చిన్న ఎక్స్‌టెన్షన్ ఉంది. నాకు వీపీ9, ఏవీ1 రావు, హెచ్.264 ఇవ్వు అని బ్రౌజర్ తరఫున చెబుతుంది, అంతే. అది వేసి పేజీ మళ్ళీ తెరిస్తే కోడెక్ వరుసలో ఏవీసీ1 అని వచ్చింది, అది హెచ్.264కే ఇంకో పేరు. డ్రాప్డ్ ఫ్రేమ్స్ అంకె మొదట్లో రెండు మూడు దగ్గర ఆగిపోయింది. క్రోమ్ సెట్టింగులలో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉందో లేదో తప్పకుండా చూడాలి. "కంప్యూటర్ హ్యాంగ్ అవుతుంటే అది ఆపేయండి" అని ఎవరో చెప్పారని ఆపేసినవాళ్ళు చాలామంది ఉన్నారు.

క్వాలిటీ 720పీలో పెట్టి, అక్కడే ఉంచమని ఆవిడకి చెప్పాను. కొడుకు ఫోనులో "అమ్మకి ఫుల్ హెచ్‌డీ రావాలి" అన్నాడు. ఈ తెరలో ఉన్న చుక్కలే పదిన్నర లక్షలు. 1080పీ ఫ్రేములో 20 లక్షల పైన ఉంటాయి. సగం పని చేసి పారేయడమే అవుతుంది. 720పీలో తొమ్మిది లక్షల పైచిలుకు, తెరకి దాదాపు సరిపోతాయి. నా మాట మీద కాకుండా వాళ్ళ కళ్ళ మీదే నమ్మకం కుదరాలని, ఒకే సినిమాని రెండు రకాలుగా పెట్టి ఆవిడకే చూపించాను. ఏది ఏదో పోల్చలేకపోయారు. హెచ్‌డీఎంఐ తీగతో పెద్ద టీవీకి తగిలిస్తే మాత్రం తేడా కనిపిస్తుంది, అప్పుడు 1080పీ పెట్టుకోవాలి. ఆ తీగ మీద 1080పీ పంపడం ఈ మెషీన్‌కి ఇబ్బంది కాదు.

ఇక్కడే ఇంకోటి చెప్పాలి. పాత సినిమా మీద హెచ్‌డీ అని రాసి ఉన్నంత మాత్రాన అది హెచ్‌డీ కాదు. ఫిల్ము నెగెటివ్ నుంచి మళ్ళీ స్కాన్ చేసినవి వేరు, పాత టేపు కాపీని సాగదీసి 1080పీ ఫైలుగా దాచినవి వేరు. రెండో రకంలో మొహాలు మైనం పూసినట్టుంటాయి. ఏ లాప్‌టాప్‌లో పెట్టినా అలాగే ఉంటాయి. దానికి మెషీన్‌ని తిట్టి లాభం లేదు.

పెళ్ళి వీడియో

ఇది అసలు గట్టి కాయ. ఫైలు 4కే. 3840×2160, ఫ్రేముకి 83 లక్షల చుక్కలు, 1080పీకి సరిగ్గా నాలుగింతలు. కోడెక్ హెచ్‌ఈవీసీ, పైగా 10 బిట్, అంటే రంగుల వివరం మామూలు 8 బిట్ కంటే ఎక్కువ. హెచ్‌ఈవీసీ ప్రమాణం వచ్చింది 2013లో. ఇంటెల్‌లో 8 బిట్‌కి పూర్తి డీకోడర్ 2015 నాటి ఆరో తరంలో, 10 బిట్‌కి ఏడో తరంలో వచ్చింది. ఈ ఐ3 దాన్ని తన కోర్ల మీదే విప్పాలి. తెరిస్తే మంగళసూత్రం దగ్గర పురోహితుడి చేయి అర సెకనుకోసారి గెంతుతోంది, మంత్రాలు మాత్రం ఎక్కడో తలంబ్రాల దాకా వెళ్ళిపోయాయి. ఆవిడ ముఖం చూస్తే బాధేసింది. మిగతా సినిమాలు ఆడకపోతే ఇంకోటి చూసుకుంటారు, దీనికి ఇంకోటి లేదు.

1080పీ హెచ్‌ఈవీసీ అయితే ఈ మెషీన్ ఎలాగో ఒకలాగ లాగుతుంది. అది కూడా పరీక్షించాను. మాటల సీన్లలో ఫర్వాలేదు, కదలిక ఎక్కువున్న చోట ఫ్రేములు పోతాయి, ఫ్యాన్ హోరెత్తుతుంది. 4కే మాత్రం ఏ ప్లేయర్ మార్చినా, ఏ సెట్టింగు తిప్పినా నడవదు. కోడెక్ ప్యాక్‌లు వేస్తే నడుస్తుందని చెప్పేవాళ్ళున్నారు. కోడెక్ ప్యాక్ ఎలా విప్పాలో నేర్పుతుంది, విప్పే బలం ఇవ్వదు. అసలు ఉన్నవి చెడగొట్టే ప్యాక్‌లే ఎక్కువ.

చేయగలిగింది ఫైలుని మార్చడం. షాపు కంప్యూటర్‌లో హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే ప్రోగ్రామ్‌తో 1080పీ హెచ్.264గా మార్చాను. ఇక్కడ ఒక గొయ్యి ఉంది. వీడియో ఎన్‌కోడర్ జాబితాలో హెచ్.264 అని ఒకటి, హెచ్.264 10 బిట్ అని ఇంకోటి ఉంటాయి. ఒరిజినల్ 10 బిట్ కదా, క్వాలిటీ పోకూడదు అని రెండోది ఎంచుకుంటే కష్టమంతా వృథా. 10 బిట్ హెచ్.264ని పాత చిప్‌ల డీకోడర్లు ముట్టుకోవు. మామూలు 8 బిట్, లెవెల్ 4.1 పెట్టాలి. క్వాలిటీ ఆర్‌ఎఫ్ 20 దగ్గర పెట్టాను. ఆ అంకె తగ్గేకొద్దీ క్వాలిటీ, ఫైలు సైజు రెండూ పెరుగుతాయి.

హెచ్‌ఈవీసీలో అదే క్వాలిటీకి దాదాపు సగం చోటు చాలు, కాబట్టి హెచ్.264లోకి తెస్తే ఫైలు పెరగడం సహజం. మనం 4కే నుంచి 1080పీకి దించాం కాబట్టి అంత తెలియలేదు. పెన్ డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేసి ఎక్కించాను. ఒరిజినల్ ఫైలుని ఎట్టి పరిస్థితుల్లోనూ చెరపొద్దని, వేరే డిస్కులో కాపీ ఉంచమని కొడుక్కి గట్టిగా చెప్పాను. మార్చిన కాపీ చూసుకోవడానికే, దాచుకోవాల్సింది అసలుదే.

వాళ్ళ హాల్లో టీవీ కొత్తది, 4కే. పెన్ డ్రైవ్ దానికే గుచ్చితే అసలు ఫైలు శుభ్రంగా ఆడుతుందని కూడా చెప్పాను. ఆడింది కూడా. టీవీల చిప్‌లలో హెచ్‌ఈవీసీ డీకోడర్ ఉండటం ఇప్పుడు మామూలు. ఇంట్లో ఆ టీవీ ఖాళీగా ఉంటే ఈ మార్పిడి గొడవే లేకపోయేది.

మిగతా పాత మెషీన్ల సంగతి

ఈ ఒక్క కేసు చూసి ప్రతి పాత లాప్‌టాప్ బతికిపోతుందనుకోవద్దు, తీసిపారేయనూ వద్దు. రాజోలు నుంచి ఒకరు ఏఎండీ ఈ-350 మెషీన్ తెచ్చారు. 2011 నాటిది, ప్రాసెసర్ చాలా బలహీనం, బ్రౌజర్ తెరవడానికే ఆయాసపడుతుంది. దాని రేడియాన్ భాగంలో మంచి హెచ్.264 డీకోడర్ ఉంది, 1080పీ సినిమా చక్కగా ఆడింది. అంతకంటే వేగమైన కోర్ 2 డ్యుయో ఉండి, గ్రాఫిక్స్‌లో డీకోడర్ లేని మెషీన్లు అదే సినిమాకి ఫ్యాన్ ఊళపెడుతూ అంతంతమాత్రంగా లాగుతాయి. 2012లో వచ్చిన మొదటి రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో ఉన్నది 700 మెగాహెర్ట్‌జ్ ప్రాసెసర్. డీకోడర్ ఉండబట్టి అదీ 1080పీ ఆడించేది. ప్రాసెసర్ వేగం చూసి తీర్పు చెప్పకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే.

2008, 2009 ప్రాంతపు చిన్న నెట్‌బుక్‌లు, ఆటమ్ ప్రాసెసర్‌వి, 1080పీకి పనికిరావు. వాటికి డీవీడీ స్థాయి వీడియో చాలు, అంతకు మించి ఆశ పెట్టను. ఇంటెల్ రెండో తరం నుంచి, అంటే 2011 నుంచి, హెచ్.264 విషయంలో దిగులు అక్కర్లేదు. ఆరో తరం దగ్గర హెచ్‌ఈవీసీ 8 బిట్, ఏడో తరం దగ్గర 10 బిట్, వీపీ9 కలుస్తాయి. వాడిన లాప్‌టాప్ కొందామని అడిగేవాళ్ళకి సినిమాల కోసమే అయితే ఏడో తరం కంటే కిందికి దిగొద్దని చెబుతాను. ఆరుకీ ఏడుకీ ధరలో తేడా తక్కువ, ఈ విషయంలో తేడా ఎక్కువ.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగింది. విండోస్ 11 అధికారికంగా ఈ మెషీన్‌కి రాదు, ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేయొచ్చు, హెచ్‌డీ 4000 డీకోడర్ అందులోనూ పనిచేస్తుంది. ఆవిడకి అలవాటైన తెర మార్చడం ఇష్టం లేకపోయింది. అయితే ఇందులో బ్యాంకు పనులు చేయకండి, ఓటీపీలు, పాస్‌వర్డులు కొట్టకండి, సినిమాలకే వాడండి అని ఆవిడకీ కొడుక్కీ ఇద్దరికీ చెప్పి విండోస్ 10నే ఉంచేశాను. బ్యాంకు పని కూడా దీనిమీదే అని ఉంటే మింట్ వేయకుండా ఇచ్చేవాడిని కాదు.

బిల్లు క్లీనింగుకి, పేస్టుకి, ఫైలు మార్చిన పనికి మాత్రమే వేశాను. ర్యామ్ వేయలేదు, ఎస్‌ఎస్‌డీ వేయలేదు. ఆన్ చేస్తే తెరుచుకోవడానికి ఆలస్యమవుతోందని తర్వాత అనిపిస్తే ఎస్‌ఎస్‌డీ వేయించుకోండి, అది సినిమా కోసం కాదని తెలిసే వేయించుకోండి అన్నాను.

వానాకాలం తర్వాత ఫోను చేసి కనుక్కున్నాను. సినిమాలు బాగానే నడుస్తున్నాయట. ఒక్కటే ఇబ్బంది మిగిలింది. మేనకోడలు తనకి పుట్టిన పాప వీడియోలు ఫోనులో తీసి పంపుతోంది, అవి మళ్ళీ 4కే హెచ్‌ఈవీసీ, సెకనుకి 60 ఫ్రేములు. ప్రతిసారీ అంబాజీపేట నుంచి నా దగ్గరికి వచ్చి మార్పించుకోవడం అయ్యే పని కాదు. ఆ అమ్మాయి నంబరు తీసుకుని నేనే మాట్లాడాను. కెమెరా సెట్టింగులలో హై ఎఫిషియెన్సీ అని ఉన్నదాన్ని మోస్ట్ కంపాటిబుల్‌కి మార్చి, రికార్డింగు 1080పీ, 30 ఫ్రేములకి తగ్గించి, అమ్మమ్మ కోసం తీసేవి అలా తీయమన్నాను. కొత్తగా పంపిన వీడియో ఆవిడ తెరిచి, పాప బోర్లా పడుతుంటే ఎక్కడా గెంతకుండా కనిపించిందని చెప్పారు.